రికార్డులో కోయించిన రెండు నిమిషాలు

నా పేరు పైన రాసుకున్నారు. వయసు డెబ్బై ఒకటని కార్డులో ఉంది, ఇంకా ఎక్కువే ఉండొచ్చు. వీధి మలుపులో బట్టలు ఇస్త్రీ చేస్తాను. చదువు రాదు. కొడుకు పోయాడు, కోడలితో ఒక గదిలో ఉంటున్నాను. ఈ మాటలు ఆమె కోసమే చెబుతున్నాను. ఫోన్లో చేసిన రికార్డును కోసింది ఆమె కాదు, నేను కోయించాను.

పోయిన నెల పదో తేదీ, సోమవారం. పింఛను గుమాస్తా లంచం అడుగుతున్నాడని, ఫోన్లో రికార్డు పెట్టి నా సంచిలో వేసింది కోడలు. లంచాల మీద ఫిర్యాదులకు ప్రభుత్వం పెట్టిన యాప్‌లో పంపుదామంది.

"అత్తా, నువ్వేం మాట్లాడకు. వాణ్ణే మాట్లాడించు," అంది.

"వాడి అంతు చూసే వస్తా," అన్నాను. నా నోరంటే వీధంతటికీ భయం.

పొరుగామెదీ పింఛను పనే, ఆమెకు ఒక కాలు సరిగా పనిచేయదు. ఆమె ఎనిమిదింటికే వెళ్లి ఆఫీసు బెంచీ మీద నాకూ చోటు పట్టింది. పదకొండుంపావుకు నన్ను లోపలికి పిలిచారు. కిటికీ పక్క బల్ల దగ్గర గుమాస్తా.

"ఏం ముసలమ్మా, రెండు వేలు లేందే సంతకం పడదని చెప్పానుగా," అన్నాడు.

అక్కడ నా నోటి దురుసంతా పోయింది. "బాబూ, నా కొడుకులాంటోడివి, నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాను. పట్టుకున్నాను కూడా. అంతటితో ఆగినా బాగుండేది. "బయట ఆ కుంటిదుంది చూడు, దానికి కొడుకు డబ్బు పంపుతాడు. దాని కాగితం పక్కన పడేసి ముందు నాది చెయ్యి," అన్నాను. అతను నవ్వి ఆమె కాగితాన్ని కింది సొరుగులో వేశాడు. ఆ కొడుకు పైసా పంపడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

బయటికి రాగానే పొరుగామె, "నీ నోటికి వాడింకా బతికే ఉన్నాడా వదినా?" అంది.

"కొంచెం ఊపిరుంది," అన్నాను. ఇద్దరం నవ్వాం.

ఇంటికి పోకుండా ఫోన్లు బాగుచేసే అతని కొట్టుకెళ్లి రికార్డు పెట్టించుకుని విన్నాను. నా గొంతు నేను వినడం అదే మొదటిసారి. ఆ రెండు నిమిషాలూ తీసెయ్యమన్నాను.

"మామ్మా, మధ్యలో కోస్తే దొరికిపోతుంది," అన్నాడు.

"నీ కంప్యూటర్ సంగతి నీకు తెలుసు, నా పరువు సంగతి నాకు తెలుసు. కొయ్యి," అన్నాను. అతను కోశాడు. తర్వాత నా ముఖం చూడలేదు. సాయంత్రం ఏడింటికి కోడలు అదే పూర్తి రికార్డనుకుని పంపింది.

విచారణలో గుమాస్తా తరఫు వకీలు, రికార్డు కోసి అతికించిందన్నాడు. కోడలి మీద దొంగ సాక్ష్యం కేసు పెట్టారు. ఆమె పనిచేసే బట్టలు కుట్టే ఫ్యాక్టరీ వాళ్లు ఇక రావద్దన్నారు. పొరుగామె మా ఇంటికొచ్చి ఆమెను ఓదార్చింది. నేను వాకిట్లో ఇస్త్రీ చేస్తూనే ఉన్నాను. ఒకే చొక్కా మూడుసార్లు చేశాను. అలా పంతొమ్మిది రోజులు నోరెత్తలేదు.

కొట్టతని కంప్యూటర్లో పూర్తి రికార్డు ఉందని నిన్న నేనే స్టేషన్‌కొచ్చి మీకు చెప్పాను. ఈ ఉదయం మీరు దాన్ని తెప్పించి, కోడలు, పొరుగామె ఎదుటే వినిపించారు. కాళ్లు పట్టుకున్న గొంతు నాదే. పొరుగామె చివరిదాకా వినలేదు, గోడ పట్టుకుని లేచి వెళ్లిపోయింది. కోడలు ఆమె వెంట వెళ్లింది.

పైన రాసిందంతా నాకు చదివి వినిపించారు. నిజం, నేను చెప్పిందే. ఎవరూ బెదిరించలేదు. రాసే ఆయన "కుంటిది" అన్న మాట తీసి "పొరుగామె" అని పెట్టనా అని అడిగారు. వద్దన్నాను. నేనన్న మాట అదే.

ఎడమ బొటనవేలి ముద్ర.