బదులు పని

తండా పక్కన మిర్చి కల్లం. తల్లి పుష్ప తాలు కాయలు ఏరుతోంది. కూతురు జ్యోత్స్న చేతిలో పదో తరగతి లెక్కల పుస్తకం.

"రేపు లెక్కల పరీక్ష అని తెలిసి గూడ ఎట్ల ఒప్పుకున్నవ్ యాడీ?" తల్లిని అడిగింది జ్యోత్స్న.

"ద్వాలి చేన్ల రేపే ఆఖరి మిర్చి ఏరుడు. మనకు వాళ్ళు బదులు వచ్చిన్రు. మనం పోవద్దా?"

"నువ్వు పో."

"నేను పోతనే ఉన్న. మనకు ఇద్దరు వచ్చిన్రు, ఇద్దరం పోవాలె."

"బాపును తీస్కపో."

"లేచి కూసుంటేనే ఆయాసమాయె. ఆయన ఏం ఏరుతడు?"

"సరే, నీ బదులే ఈ పుస్తకంల గూడ ఉన్నది, విను. మన చేన్ల వాళ్ళు ఒక రోజు చేసిన్రు. వాళ్ళ చేన్ల మనం ఒక రోజు చేస్తే ఏం మిగుల్తది?"

"ఏం మిగలది."

"అవ్, సున్నా. సున్నా చేసేదాన్నే సంకలన విలోమం అంటరు. ఎంతుంటే అంత ఎదురు పెడితే సున్నా. ఎప్పుడు పెట్టినా సున్నానే. నేను పత్తి ఏరేటప్పుడు పోయి తీరుస్త."

"ఏ చేన్ల తీరుస్తవ్? వాళ్ళది కౌలు చెలక. రేపటితోటి ఇడిచిపెడుతున్నరు."

జ్యోత్స్న పుస్తకం మూసింది.

"పొద్దున ఇంకోటి ఏందో చదివినవ్. గుణకార..."

"గుణకార విలోమం. తాత చెలకల బాపుకు నాలుగో వంతు వచ్చింది గద. అసుంటివి నాలుగైతే?"

"మొత్తం చెలక."

"ఒకటి. నాలుగో వంతుకు నాలుగు విలోమం. గట్ల అన్నిటికీ ఉంటది, సున్నాకు తప్ప. సున్నాను ఎన్నిసార్లు వేసినా ఒకటి గాదు. నీకు జల్దీ సమజైంది యాడీ. నాకు శాన రోజులు పట్టింది."

"అయితే మంచిగనే వచ్చు నీకు."

"వచ్చి ఏం లాభం? నేనే ద్వాలత్తను అడుగుత. ఆమె బిడ్డ హేమ్లి గూడ రేపు అదే పరీక్ష రాయాలె, ఆమెకు తెల్వదా?"

"అడగకు. హేమ్లి రాయాలెననే నిన్ను రమ్మన్నది."

"ఏంది?"

"తెలుగు పరీక్ష నాడు హేమ్లి ఏడున్నది?"

"జ్వరమన్నరు."

"జ్వరం లేదు, ఏం లేదు. మన చేన్ల ఉన్నది. కాయ రాలిపోతుంటే ద్వాలి దాన్ని తీసుకొచ్చింది, నీ పరీక్ష పోవద్దని."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు రాస్తుంటివా? ద్వాలి, నేను మాట అనుకున్నం. నీకోసం హేమ్లి ఒక పరీక్ష ఇడిచింది. దానికోసం నువ్వొకటి ఇడువు. ఇద్దరికీ సమానం."

"సమానం ఏడిది యాడీ! ఒక్కటి రాయకున్నా పదో తరగతి ఫెయిలే. హేమ్లి ఆ రోజే ఫెయిలైంది."

"ఒక్కటే గదనే పోయింది. మిగతాయన్ని రాస్తున్నది గద."

"అయినా అంతే. జూన్‌ల మళ్ళ రాయాలె, అప్పటికి హాస్టల్ కాలేజీల సీట్లు ఉండయి. రేపు నేను పోతే ఇద్దరం ఆగిపోతం. నేను రాస్తే ఒక్కదాన్నన్నా పోత. యాడీ, ఇప్పుడన్నా పోయి ద్వాలత్తకు చెప్పు."

"ఒక్కటి పోతే అన్నీ పోయినట్టేనని హేమ్లికి తెల్వదా?"

"ఎందుకు తెల్వది? సార్ అందరికీ చెప్పిండు."

"తెలిసే వచ్చిందా మన చేన్లకు?"

"తెలిసే వచ్చింది."

"అయితే నువ్వు గూడ తెలిసే పో."