ఒంటిచెవి తెల్లకారు

ఎల్లమంద ఉన్నడు గదా, లెక్క తప్పని ఎల్లమంద, వాడు పట్నం పోయి మూడు రోజులు అన్నం ముట్టలేదంట. కడుపుల బాగలేకనా అంటే కాదు, పైసలు లేకనా అంటే అదీ కాదు. లెక్క తప్పింది. మన కురుమోళ్ళ పద్ధతి మీకు ఎరికే గదా. పొద్దుగూకి మంద దొడ్లెకు వచ్చినప్పుడు వాకిట్ల నిలబడి ఒకడు లెక్కపెడతడు. ఒక్క జీవం తక్కువైనా సరే, అది దొరికేదాక లెక్కపెట్టినోడు మెతుకు ముట్టొద్దు. నీళ్ళు తాగొచ్చు, చాయ తాగొచ్చు, అన్నం మాత్రం వద్దు. ఎల్లమందకు ఇరవై రెండేండ్లు వచ్చినా ఒక్కనాడు పస్తు పడుకున్నోడు కాదు, ఎందుకంటే వాని లెక్క ఒక్కనాడు తప్పలె. మూడు వందల నలభై జీవాలు ఒకదాని మీద ఒకటి పడి దొడ్లెకు ఉరుకుతుంటే, వాడు పక్కోనితోని ముచ్చట పెట్టుకుంటనే, ఇరవైకొక రాయి జేబుల ఏసుకుంట, ఆఖరిది లోపలికి పోంగనే ఇన్ని అని చెప్పేటోడు. చెవి తెగింది ఏది, కొమ్ము వంకరది ఏది, అన్నీ కండ్లల్ల ఉండేటియి. అడగకముందే లేచి నిలబడే రకం. ఎవరన్న ఒక పని ఉంది అని నోరు తెరిస్తే, ఏం పని అని అడగడు, నేను చేస్త అంటడు.

ఏమైందంటే, పట్నం నుంచి జాఫర్ సారు అని ఒకాయన పొట్టేలు కొననీకి ఊర్లెకు వచ్చిండంట. ఆయన రోడ్ల మీద బండ్లు లెక్కపెట్టించే కంపెనీల సూపర్‌వైజరు. ఏ రోడ్డు మీద ఎన్ని బండ్లు పోతున్నయో రాసుకొని, దాన్ని బట్టి వంతెనలు కడతరంట. ఆయన దొడ్డి కాడ నిలబడి వీని లెక్క చూసిండు. మళ్ళొక్కసారి లెక్కపెట్టమన్నడు. మళ్ళ అదే లెక్క వచ్చింది. పొట్టేలు సంగతి మర్చిపోయి, ఏం తమ్మీ పట్నం వస్తవా, పదిరోజులు కార్లు లెక్కపెట్టే పని ఉంది అనేలోపల ఎల్లమంద గొంగడి భుజాన ఏసుకున్నడంట. వాళ్ళమ్మ, ఒరేయ్ కార్లు గొర్లు కాదురా అన్నది. కార్లైతే ఇంకా సులువే అమ్మా, అవి ఎగరయి, గడ్డికి ఆగయి అన్నడు. ఇంకొక మాట కూడ చెప్పాలె మీకు. వీని ఊరు రోడ్డుకు కొస. ఆ ఊరు దాటి తొవ్వ లేదు. పొద్దుగాల రెండు బస్సులు, ఆరు ఆటోలు, ఒక ట్రాక్టరు పోతయి, మాపటికి అవే రెండు బస్సులు, ఆరు ఆటోలు, ట్రాక్టరు అదే తొవ్వన వస్తయి. వాడు అవి కూడ ఊకెనే లెక్కపెట్టేటోడు. ఒక్కనాడు తేడా రాలె. పోయింది ఏదైనా తిరిగి రావాలె గదా అని వాని మనసుల గట్టిగ పడిపోయింది. నవ్వకుండ్రి, మీకైతే ఎవరు చెప్పిండ్రు తిరిగి రాదని?

పట్నంల రైలు పట్టాల కింద నుంచి పోయే రోడ్డు ఒకటున్నది అనుకో. ఈ పక్క దిగితే ఆ పక్క ఎక్కాలె. ఈ పక్క దిగేకాడ, రోడ్డు నడుమ గట్టు మీద, వీనికి ఒక కుర్చీ ఏసిండ్రు. రెండు చేతులల్ల రెండు టక్‌టక్ మిషన్లు పెట్టిండు జాఫర్ సారు. దిగే కారుకు కుడిచెయ్యి నొక్కు, కిందికెళ్ళి ఎక్కి ఇటు వచ్చే కారుకు ఎడమచెయ్యి నొక్కు, బైకులు నీకు వద్దు అని చెప్పి పోయిండు. అక్కడనే ట్రాఫిక్ చూసే హోంగార్డు ఒకామె ఉన్నది, శకుంతల. వీన్ని చూసింది, వీని గొంగడిని చూసింది, వీని కట్టెను చూసింది. ఎండ మండిపోతుంటె గొంగడి ఏందయ్యా అన్నది. పొద్దు వాలినంక వానొస్తదక్కా అన్నడు. ఆమె నవ్వింది. వానొచ్చింది. కాని ఎట్ల వచ్చిందనుకున్నరు, రోడ్డుకు ఆ పక్క వచ్చింది, ఈ పక్క రాలె. ఆ పక్కోళ్ళు తడుసుకుంట ఉరుకుతున్నరు, ఈ పక్కోళ్ళు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూస్తున్నరు. ఎల్లమంద గొంగడి కప్పుకోవాల్నా వద్దా సమజ్ గాక సగం భుజానికి కప్పుకున్నడంట. మన కాడ వానొస్తే మంద తలకాయలు దించి ఒక్కకాడ నిలబడతది గదా. ఇక్కడ వానొచ్చిందంటే అన్నీ ఒక్కసారే హారన్ కొట్టుడు. ఎవని మీద కొడుతున్నరక్కా అంటే, వాన మీద కొడుతున్నరు అన్నది శకుంతల. ఎర్రలైటు పడ్డంక ఆగుతయి అన్నరు, కొన్ని ఆగుతయి, కొన్ని ఆగినట్టు ఆగి పోతయి. మనిషొక్కడే కూసున్న కారు మంచమంత పెద్దగుంటది, ఏడుగురు ఇరుక్కున్నది చిన్నగుంటది. వానికి ఏదీ అర్థం కాలె. అయినా చేతులు మాత్రం ఆగలె, టక్ టక్ టక్.

మాపటికి జాఫర్ సారు వచ్చి ఎన్ని అని అడిగిండు. ఎల్లమంద తలకాయ దించుకొని, రెండు వందల పన్నెండు తక్కువ సారూ అన్నడంట. తక్కువేంది, ఎన్ని పోయినయి చెప్పు అన్నడాయన. పోయినయి తొమ్మిది వేల ఆరు వందల పద్నాలుగు, వచ్చినయి తొమ్మిది వేల నాలుగు వందల రెండు అన్నడు. జాఫర్ సారు సంబరపడి రాసుకొని, శెభాష్ తమ్మీ అని బండెక్కి పోయిండు. వీడు అక్కడనే నిలబడిపోయిండు. రెండు వందల పన్నెండు కార్లు తిరిగి రాలేదని చెప్తే శెభాష్ అంటడేంది ఈ మనిషి అని. కంపెనీ రూముల తోటోళ్ళు అన్నం పెడితే వద్దన్నడు, చాయ తాగి పండుకున్నడు.

రెండో రోజు ఏమైందంటే ఇంకా ఆగమైంది. పోయినయి తొమ్మిది వేల ఐదు వందల ముప్పై, వచ్చినయి తొమ్మిది వేల ఏడు వందల ఎనభై ఒకటి. రెండు వందల యాభై ఒకటి ఎక్కువ. వాడు నోట్లెనే లెక్క కట్టుకున్నడు. నిన్న తప్పిపోయిన రెండు వందల పన్నెండు ఇయ్యాల తిరిగొచ్చినయనుకో, ఇంకా ముప్పై తొమ్మిది మిగులుతయి. అవి ఎవరివి? మీకు ఎరికే గదా, మందల జీవం తక్కువైతే పస్తు, ఎక్కువైతే పంచాయితి. ఇంకోని జీవం మన దొడ్లె దొరికితే దొంగతనం కింద లెక్క. ముప్పై తొమ్మిది కార్లు, ఎవరో వచ్చి నావి యాడున్నయిరా అని గల్లా పట్టుకుంటే ఏం చెప్పాలె. శకుంతలను అడిగిండంట, అక్కా, ఈ కార్ల మంద ఎవరిది అని. ఆమె కార్లకు చెయ్యి చూపుకుంటనే, మంద యాడిదయ్యా, ఎవని కారు వానిదే అన్నది. మరి మాపటికి లెక్క ఎవరు చూస్తరు అన్నడు. ఎవరు చూడరు, నువ్వు ముందు తిను, మొకం చూడు ఎట్లయిందో అన్నది. వాడు తినలె. వాని చేతుల ఉన్న లెక్క అది, ఎవరు చూసినా చూడకున్నా వానిదే గదా.

మూడో రోజు పగటీలి దాటి నాలుగు కొట్టంగ మొదలైందంట వాన. మొన్నటి తీరు ఒక పక్క కురిసేది కాదు, ఆకాశం అడుగు ఊడి పడ్డట్టు వచ్చింది. టక్‌టక్ మిషన్లల్లకు నీళ్ళు పోయి అంకెలు బిగుసుకున్నయి. వీడేం చేసిండు, రైలు పట్టాల కాడ కంకర రాళ్ళు దోసెడు ఏరుకొచ్చుకున్నడు. వాని పాత పద్ధతి. కింద నీళ్ళు నిండుతున్నయి, మోకాలు, నడుము. ఇంతల అవతల దిక్కు నుంచి ఎక్కి వచ్చే కార్లు ఆగిపోయినయి. ఒక్కటి రాదు. ఎందుకంటే ఆ పక్క ఎక్కేకాడ ఒక బస్సు అడ్డం తిరిగి నిలబడిపోయింది, అది మనకు తర్వాత తెలిసింది. వీనికి తెల్వదు, వీనికి తెలిసింది ఒక్కటే, రాక ఆగింది. రాక ఆగిందంటే ఆ పక్క వాకిలి మూతపడ్డది. ఇగ దిగినయి ఏవైనా ఈ పక్క నుంచే రావాలె. మూడు రోజులల్ల మొట్టమొదటిసారి వానికి ఒకటి సమజైంది అనుకో. ఇది ఇప్పుడు దొడ్డి అయింది. అక్కడినుంచి దిగే కారుకొక రాయి కుడిజేబుల ఏసుకున్నడు. శకుంతల ఉరికొచ్చి తాడు అడ్డం కట్టేలోపల పదిహేడు దిగినయి. పదిహేడు రాళ్ళు.

ఇగ కిందికి పోయినోళ్ళు ఆ పక్క తొవ్వ లేదని చూసి ఎనుకకు తిప్పిండ్రు. ఒక్కొక్కటి గుర్రుగుర్రుమనుకుంట, నీళ్ళు కక్కుకుంట ఎక్కి వస్తున్నయి. వీడు ఒక్కొక్క రాయి తీసి పడేస్తున్నడు. నల్లది, ఎర్రది, ఎనుక బొమ్మ ఏలాడేది, డొక్కకు సొట్ట పడ్డది. పదహారు వచ్చినయి. ఇంకేం రాలె. శకుంతల ఈల నోట్ల నుంచి తీసి, అమ్మయ్య అన్నీ వచ్చినయి అన్నది. వాడు జేబుల చెయ్యి పెట్టిండు. రాయి ఒకటి ఉన్నది. అక్కా ఒకటి తక్కువ అన్నడు. ఏం తక్కువ, నేను చూస్తలేనా, కింద ఉత్త నీళ్ళే ఉన్నయి అన్నది. నిజమే, చూస్తే నీళ్ళే, నల్లగ, అట్టపెట్టెలు, చెప్పులు తేలుకుంట. ఒంటిచెవి తెల్లది రాలేదక్కా అన్నడు. ఆమెకు వానల కూడ నవ్వొచ్చింది, కార్లకు చెవులేందయ్యా అన్నది. డ్రైవరు పక్కన అద్దం ఉంటది గదా రెండు దిక్కుల, దానికి ఒకటే ఉన్నది, రెండోది విరిగింది, పదకొండో రాయి దానిదే అన్నడు. అన్నం తినక నీకు కండ్లు తిరుగుతున్నయి, అది మొన్ననో నిన్ననో చూసుంటవు అన్నది ఆమె.

వాడు ఆ రాయి తీసి ఆమె చేతుల పెట్టిండంట. "అక్కా, నా రెండు రోజుల లెక్క తప్పైందో ఒప్పైందో నాకు తెల్వదు. ఎవరి మందనో తెల్వదు, యాడికి పోతయో తెల్వదు. ఈ పదిహేడు మాత్రం నావి. నువ్వు తాడు పట్టుకో."

శకుంతల రాయిని చూసింది, వాని మొకం చూసింది. అడ్డం కట్టిన తాడు ఇప్పి వాని నడుముకు కట్టింది. గొంగడి ఆమెకు ఇచ్చి, కట్టె పట్టుకొని దిగిండు వాడు. నడుము దాక, ఛాతి దాక. కట్టెతోని ముందుకు పొడుచుకుంట పోతున్నడు, ఎట్లంటే చెరువుల దిగిన గొర్రెను ఎతికినట్టు. నేల, నేల, ఏదో మెత్తగ, మళ్ళ నేల. అప్పుడు టంగుమన్నది. కారు నెత్తి. నీళ్ళకు బెత్తెడు కింద ఉన్నది. లోపల ఒక ముసలాయన, రాఘవాచారి సారు అంట, ఎనుక సీటు మీదికి ఎక్కి, కప్పుకు మూతి ఆనించి, మిగిలిన ఇంత గాలి పీలుస్తున్నడు. కారు ఆగిపోయింది, తలుపు రాదు, అద్దం దిగదు. ముందున్నోడు తిప్పుకొని పోయిండు, ఎనుకున్నోడు తిప్పుకొని పోయిండు, ఎవడూ పక్కోన్ని చూడలె. ఎల్లమంద కట్టెకు ఇనుప పొన్ను ఉంటది గదా, దానితోని ఎనుక అద్దం పగలగొట్టి, ఆ సారును రెండు రెక్కలు పట్టి గుంజి, గొర్రెపిల్లను ఏసుకున్నట్టు మెడ మీద ఏసుకున్నడు. పైన శకుంతల, ఇంకా నలుగురు తాడు గుంజిండ్రు.

గట్టు మీద కూసోబెడితే ఆ సారు అరగంట వణికిండు. వణుకు తగ్గినంక మొదలు అడిగిన మాట ఏందంటే, అద్దం పగలగొట్టింది ఎవరు అని. నేనే సారూ అన్నడు ఎల్లమంద భయపడుకుంట. ఆయన వీని చెయ్యి పట్టుకున్నడు, అంబులెన్సు వచ్చేదాక ఇడవలె. పోయేటప్పుడు, నేను కింద ఉన్న అని నీకు ఎట్ల తెలిసింది నాయనా అంటే, మీరున్నరని తెల్వదు సారూ, ఒకటి తక్కువైంది అన్నడంట.

అప్పుడొచ్చిండు జాఫర్ సారు, గొడుగు ఏసుకొని. ఇయ్యాల ఎన్ని తమ్మీ అన్నడు. సరిపోయింది సారూ, తక్కువ లేదు ఎక్కువ లేదు అన్నడు వాడు. జాఫర్ సారు తలకాయ పట్టుకున్నడు. అక్కడ కూసొని అంతా నిమ్మలంగ చెప్పిండంట. అరె భాయి, ఇది మంద కాదు, ఈ తొవ్వన పోయినోడు ఇంకో తొవ్వన ఇంటికి పోతడు, ఎవని కోసం ఎవడూ లెక్క చూడడు అని. ఎల్లమంద ఇన్నడు. "ఇంత మంది పోతున్నరు, ఒక్కడన్న ఇంటికి చేరిండా లేదా అని వాకిట్ల నిలబడి చూసేటోడు లేడా సారూ?" అన్నడు. లేడు అన్నడాయన. అని, కింద నల్లగ నిండి ఉన్న నీళ్ళ దిక్కు చూసి, చేతుల గొడుగు ఎల్లమంద మీదికి జరిపిండంట.

శకుంతల తన టిఫిన్ డబ్బా తెచ్చి వీని ముందు పెట్టింది, లెక్క సరిపోయింది గదా ఇగ తిను అన్నది. చింతపండు పులుసు, అన్నం. మూడు రోజుల ఆకలి. పెద్ద ముద్ద కలిపిండు, నోటి కాడికి తెచ్చిండు, ఆగిండు. ఏమైందయ్యా మళ్ళ అన్నది ఆమె. అక్కా, మరి ఆ ముప్పై తొమ్మిది ఎవరివి అన్నడంట.

తిన్నడా లేదా అంటరా, తిన్నడు. ఆమె తినిపించింది, నెత్తి మీద ఒకటి కొట్టి. కాని ఆ ముప్పై తొమ్మిది మాత్రం ఇప్పటికీ వాని మనసుల తిరుగుతనే ఉన్నయి, అడిగితే చెప్తడు. నేను ఆ నడుమ దవాఖానకని పట్నం పోయినప్పుడు ఆ పట్టాల కిందికెళ్ళి ఆటోల పోయిన. గట్టు మీద కుర్చీ లేదు, ఎవరు లేరు. దిగినం, ఎక్కినం. ఎక్కినంక నాకు నేనే, ఒకటి, అని లెక్క ఏసుకున్న. ఆటోడు ఎనుకకు తిరిగి చూసిండు. నవ్వుకుంటే నవ్వుకోనీ, వాన్ని కూడ కలిపి రెండు అన్న.