ఒకే పల్లానికి రెండు సవరణలు: శ్రీ కలువల సామ్యేల్ గారి పదవీ విరమణ వేళ

1978 ఆగస్టు 17వ తేదీన మొదటి షిఫ్టు సైరన్ మోగే వేళకు, తండ్రిగారు వాడి విడిచిన బూట్లనే తొడుక్కొని గోదావరిఖని వర్క్‌షాపు గేటు వద్ద హెల్పరుగా హాజరు వేయించుకున్న శ్రీ కలువల సామ్యేల్ గారు, 2014 జూన్ 30వ తేదీన సీనియర్ మెషినిస్టుగా అదే గేటు నుండి సగౌరవంగా సెలవు తీసుకుంటున్నారు. నూతన రాష్ట్రం అవతరించిన నెలలోనే తమ కొలువు ముగుస్తున్నందున, గేటుకు కట్టిన మామిడాకుల తోరణాలు రాష్ట్రం కోసమా, తమ కోసమా అని ఆయన నెల పొడుగునా సహోద్యోగులను ఆటపట్టిస్తూనే ఉన్నారు. ఇంతటి సరసుడి జీవితంలో ఒక బుధవారం ఎంతటి పిడుగు పడబోయిందో, అది ఏ విధంగా తప్పిపోయిందో వర్క్‌షాపులో చాలామందికి నేటికీ పూర్తిగా తెలియదు.

గనిలో బొగ్గు నింపిన కార్మికుడి కుమారుడైన సామ్యేల్ గారు హెల్పరుగా చేరిన కొద్ది సంవత్సరాలకే లేతు మిషిన్ చేతికి తెచ్చుకొని, మందమర్రిలో కొంతకాలం పనిచేసి, తిరిగి గోదావరిఖని చేరుకున్నారు. ప్రార్థన చేయనిదే డ్యూటీ ఎక్కరు, శుభ్రంగా తుడవనిదే మిషిన్ దిగరు. శ్రీమతి సుగుణమణి గారు అన్నట్లు, ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కడగని మనిషి వర్క్‌షాపులో ఇనుమును అద్దంలా తుడుస్తారని వినడం ఆమెకు ఆనందమో అసూయో తేలని విషయం.

2004లో వర్క్‌షాపుకు సి.ఎన్.సి. యంత్రం వచ్చింది. అంకెలు చెబితే వాటి ప్రకారం ఇనుమును తనంతట తానే చెక్కే ఆ కంప్యూటర్ యంత్రాన్ని చూసి, చేతిపనికి కాలం చెల్లిందని పలువురు దిగులుపడిన రోజులవి. సామ్యేల్ గారు మాత్రం శిక్షణకు ముందుగా పేరు ఇచ్చి, కొత్త పెళ్లికొడుకు అత్తారింట్లో మసలినంత జాగ్రత్తగా దానితో మసలి, ఏడాది తిరిగేసరికి మచ్చిక చేసుకున్నారు.

అయితే ఆ యంత్రానికి ఒక లోపం ఏర్పడింది. ఇనుప ముక్కను బిగించే బల్ల మొదట సమతలంగానే ఉండేది. క్రేను కొక్కెం సరిగ్గా దాని దక్షిణపు మూల మీదికే వస్తుంది కాబట్టి, బరువైన ముక్కలన్నీ అక్కడే దింపడం, అక్కడే బిగించడం అందరికీ అలవాటైపోయి, కాలక్రమంలో ఆ మూల పల్లమైంది. కంటికి కనిపించదు గాని పనికి కనిపిస్తుంది. దానికి మనవాళ్లు కనిపెట్టిన విరుగుడు బీడీ కట్టకు చుట్టే కాగితం. దానిని మడిచి ఆ మూలన ముక్క కింద పెడితే పల్లం పూడేది. ఇది అందరూ చేసే పనే, ఎవరూ పైకి చెప్పని పని. కాగితం సంగతి ఇంజినీర్ల దాకా పోనివ్వకూడదన్నది వర్క్‌షాపు ఆచారం. బీడీ ముట్టని భర్త జేబులో బీడీ కాగితాలు కనిపించినందుకు సుగుణమణి గారు పాస్టరు గారి దగ్గర పంచాయితీ పెట్టించారని, ఆ పంచాయితీలో నిజం చెబితే ఆచారం పోతుందని ఆయన తలవంచుకొని మందలింపు వినివచ్చారని ఈ సందర్భంగా వెల్లడించడం మా విధి.

ఇక 2009 నాటి ఆ వారం సంగతి. గనిలోని ఏటవాలు దారిలో ఉక్కుతాడుకు వేలాడే కుర్చీల మీద కార్మికులు లోపలికి దిగుతారు, పైకి వస్తారు. ఆ తాడును ఆపే బ్రేకుకు కొత్త ప్లేటు కావలసివచ్చింది. మంగళవారం ఉదయం సామ్యేల్ గారు ఆచారం ప్రకారం మూలన కాగితం పెట్టి, ప్లేటు బిగించి, చెక్కి, యంత్రం తలకు, ఎత్తుపల్లాలను ముల్లుతో చూపే గేజి తగిలించి కొలిచారు. ముల్లు కదలలేదు. కొలత సరిగ్గా ఉన్నదని సంతకం చేశారు. బుధవారం పొద్దున ప్లేటు వ్యాన్‌లో గనికి వెళ్లిపోయింది.

అదే బుధవారం మధ్యాహ్నం ఇంజినీరు కుమారి యమున మందమర్రి నుండి తిరిగివచ్చారు. ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా కాని ఆమె, అంతకు ముందరి ఆదివారం సెలవును కాదనుకొని బల్లనంతా గేజితో కొలిచి, ఎత్తుపల్లాలను యంత్రం జ్ఞాపకంలోకి ఎక్కించారు. సోమవారం అందరికీ చెబుదామనుకుంటే తెల్లవారకముందే మందమర్రి పిలుపు వచ్చింది. తిరిగివచ్చీ రాగానే, టీ తాగుతున్న సామ్యేల్ గారి వద్దకు నవ్వుతూ వచ్చి చెప్పారు.

“కాకా, ఇగ ఆ మూల పల్లంతోని ఫికర్ లేదు. ఆదివారమే బల్లంత కొలిచి మిషిన్ల ఎక్కిచ్చిన. పల్లం ఉన్నకాడ చెక్కే కట్టరే కిందికి దిగుతది.”

సామ్యేల్ గారి చేతిలోని గ్లాసు ఒరిగి టీ బూట్ల మీద పడింది. ఆయనకు తెలియలేదు.

“మేడం, నేను కింద కాగితం పెట్టిన.”

కాగితం పల్లాన్ని పూడ్చింది. పూడిందని తెలియని యంత్రం కట్టరును కిందికి దించింది. ఒకే పల్లానికి ఇద్దరు రెండు సవరణలు చేయగా, ప్లేటు ఆ మూల పలచబడింది. మరి గేజి ఎందుకు పట్టుకోలేదు? చెక్కేటప్పుడు యంత్రం తల ఏ దారిన దిగిందో, కొలిచేటప్పుడూ అదే దారిన దిగింది. దొంగ చేతికి తాళాలిచ్చి ఇల్లు భద్రమనుకున్నట్లు, తప్పు చేసిన యంత్రాన్నే తప్పు వెతకమన్నారు. అట్టి ప్లేటు ఒక్క అంచుతోనే బరువు మోస్తుంది. నిండా మనుషులతో కుర్చీలు దిగేటప్పుడు ఆ బ్రేకు ఆగుతుందో లేదో దేవుడికే తెలియాలి. రెండో షిఫ్టు దిగే వేళయింది. ఆ షిఫ్టులో సామ్యేల్ గారి ఏకైక కుమారుడు చిరంజీవి ఆకాశ్ ఉన్నాడు.

ఫోన్ దాకా ఎలా నడిచారో ఆయనకు నేటికీ గుర్తు లేదు. గని వద్ద ఫోన్ ఎత్తిన ఫోర్‌మన్ శ్రీ ఆగయ్య గారు ప్లేటు ఎక్కించామని, ఖాళీ కుర్చీలు తిప్పి చూస్తే మంచిగానే ఆగుతున్నాయని, జనం వరుసలో నిలబడ్డారని చెప్పారు.

“కుర్చీలు బంజెయ్ తమ్మీ. ఒక్కల్ని గూడ ఎక్కనియ్యకు.”

కొలత సరిగ్గా ఉన్నదని మీ సంతకమే ఉన్నది గదా, ఇప్పుడు ఆపితే పైవాళ్లకు ఏమని చెప్పాలె అని ఆగయ్య గారు అడిగారు. అడగవలసిన మాటే. సామ్యేల్ గారి గొంతు వణకలేదని పక్కనే నిలబడిన యమున గారి సాక్ష్యం.

“ఆ సంతకం పెట్టింది నేనే. తప్పని చెప్తున్నది గూడ నేనే.”

కుర్చీలు ఆగిపోయాయి. కార్మికులు గొణుక్కుంటూ, తిట్టుకుంటూ ఆ పొడుగాటి ఏటవాలును నడిచి దిగారు. విప్పి తెచ్చిన ప్లేటును చదునైన రాతిపలక మీద పెట్టి చూస్తే, ఒక మూల కింద నుండి వెలుతురు కనబడింది. ఆ సన్నని వెలుతురును చూసి ఆయన అక్కడే నేల మీద మోకరిల్లారు. విచారణలో తప్పు తమదంటే తమదని కాకా, మేడం పోటీపడగా, ఇద్దరికీ హెచ్చరిక వచ్చింది. సామ్యేల్ గారి ప్రమోషన్ ఏడాది వెనక్కి పోయింది. పోతేపోయింది, ఒక కొత్త ఆచారం మిగిలింది. నేడు ఈ వర్క్‌షాపులో ముక్క కింద ఏమి పెట్టినా బిగ్గరగా చెప్పాలి, యంత్రంలో ఏమి మార్చినా బిగ్గరగా చెప్పాలి, విన్నవారు తిరిగి పలకాలి. కొత్తగా చేరినవారు దీనిని చాదస్తమనుకుంటారు. అనుకోనివ్వండి.

మరునాటి ఉదయం ఇంట్లో జరిగిన ముచ్చట ఇంకొకటున్నది. అరికాళ్లకు నూనె రాసుకుంటూ ఆకాశ్ తల్లితో మొరపెట్టుకున్నాడు.

“ఎవడో వర్క్‌షాపాయన ఫోన్ కొట్టి కుర్చీలు బంజేపిచ్చిండటనే అమ్మా. కాళ్లు పీక్కపోయినయ్. ఆయన నాకు దొరకాలె, గోదారి దాక నడిపిస్త.”

సామ్యేల్ గారు తలెత్తకుండా టీ తాగి డ్యూటీకి వచ్చేశారు. కొడుకు గనిలోకి దిగిన ప్రతిసారీ ఇంటావిడ ప్రాణం గుప్పిట్లో పెట్టుకొని కూర్చుంటుందని, ఈ మాట తమ గడప తొక్కరాదని ఆగయ్య గారి వద్ద, యమున గారి వద్ద మాట తీసుకున్నారు. వారు నిలబెట్టుకున్నారు. కాలనీలో కూర వండితే వాసన పది క్వార్టర్లకు పోయే ఊరిలో ఈ మాట ఐదేళ్లు దాగడం ఆశ్చర్యాలన్నింటిలోకీ ఆశ్చర్యం.

2011 సకల జనుల సమ్మెకు బయటికి నడిచిన రోజున సైతం తుప్పు పట్టకుండా బల్ల మీద నూనె గుడ్డ కప్పి నడిచిన మనిషి ఆయన. అదే బల్లను రెండేళ్ల క్రితం విప్పి చదును చేయించినప్పుడు, యంత్రం జ్ఞాపకంలోని పాత పల్లాన్ని తుడిపించేదాకా యమున గారిని కుర్చీలో కూర్చోనివ్వలేదు.

ఆకాశ్ గత సంవత్సరం కాసిపేటలో ఉపరితల విధులకు మారినందున, ఈ సంగతి రాయవచ్చునా అని ఈ వీడ్కోలు సంచిక తరఫున అడిగితే, సామ్యేల్ గారు బల్ల తుడుస్తూనే ఒకే మాట అన్నారు.

“రాయుండ్రి. ఆయన దొరకాలె అన్నడు గద పిలగాడు. దొరికిండని చెప్పుండ్రి.”

చిరంజీవి ఆకాశ్, ఆయన దొరికారు. నీ పక్కన కూర్చొని టీ తాగిన మనిషే ఆయన. గోదావరి దాకా నడిపిస్తానన్న మాట నీవు నిలబెట్టుకోవాలని, ప్రతి ఉదయం నీ చెయ్యి పట్టుకొని నడవగల ఆరోగ్యాన్ని, ఆ నడకలు తనివితీరేటంతటి ఆయుష్షును ప్రభువు సామ్యేల్ గారికి ప్రసాదించాలని, ఆ వేళ నడిచి దిగి, నడిచి పైకి వచ్చిన షిఫ్టు అందరి తరఫున మా హృదయపూర్వక ప్రార్థన.