కాలువ కలిసే చోట రాళ్లు

పెళ్లై ఇంకా నెల తిరగలేదు. నది పురుగుల మీద పరిశోధన చేసే భార్య పెరట్లో బురద బూట్లు కడుగుతుంటే, భర్త ఫోన్ పట్టుకుని దాదాపు గంతులేస్తూ వచ్చాడు.

“ఏమోయ్, శుభవార్త! నేను పరీక్ష చేయమన్న ల్యాబ్ వాళ్లు ఫోన్ చేశారు. నదినీళ్లలో కలుపుమందు జాడే లేదట. నీ పురుగులు చచ్చిపోవడంలో మా నాన్న తప్పేం లేదు!”

“నీళ్లు ఎప్పుడు పట్టారట?”

“పోయిన వారం, మంచి ఎండలో.”

“నా ఖర్మ! పొలంలో కొట్టిన మందు వానకి కదా కొట్టుకొచ్చేది? ఎండలో పట్టిన నీళ్లలో ఏం దొరుకుతుంది, నా తలకాయా?”

“కొత్త పెళ్లికూతురు ఇలా కసురుతుందా?”

“కసరక? మీ పొలం కాలువ నదిలో కలిసే చోటుకి ఎగువన రాయి తిప్పితే పురుగుపిల్లలు బిలబిలమంటున్నాయి. చూస్తే ముద్దొస్తాయి! దిగువన రాయి కడిగిన కంచంలా ఉంది. వాటి తిండి నాచు. కలుపుమందుకి మొదట చచ్చేది అదే.”

“మరి ఆ పురుగుల్ని తినే చేపలు?”

“హమ్మయ్య, ఇప్పటికి వెలిగింది.”

“చచ్చాం. వాన ముంచుకొస్తోందని రేపు సాయంత్రమే మందు కొట్టేస్తానన్నారు నాన్న.”

“వాన ముందా? దేవుడా!”

“నువ్వే చెప్పు. నా మాట వినరు.”

“నిన్నగాక మొన్నొచ్చిన కోడలి మాట వింటారా? ఏమీ చెప్పను. రేపు పొద్దున్నే మామయ్యగారిని నదికి తీసుకెళ్దాం. రెండుచోట్లా రాళ్లు ఆయన చేతే తిప్పిస్తాను. నువ్వు మాత్రం నోరెత్తకు. నీ బూట్లు ఆయనకిచ్చెయ్.”