డాక్టరు అడిగిన మాట

ఆసుపత్రి గదిలో ఆమె మంచం మీద ఉంది. పొట్ట చుట్టూ కట్టు, వాచిన ఎడమకాలి కింద దిండు. భర్త డాక్టరు మీద అరిచి అప్పుడే గదిలోకి వచ్చాడు.

"...కడిగిపారేశాను! మా ఆవిడ నోరు కట్టుకుని సగానికి సగం తగ్గింది, వేలాడే చర్మం తీసి కుట్టవయ్యా అంటే, కాలిలో రక్తం గడ్డకట్టించి పెడతావా అని అడిగాను."

"అయ్యో, ఆయన్నెందుకండీ అనడం..."

"అనకపోతే? నోట్లో నాలుక లేనివాణ్ణనుకున్నాడా?"

"ముందే చెప్పారు కదా. కుట్లు విడిపోవచ్చు, నీరు చేరొచ్చు, రక్తం గడ్డకట్టొచ్చు అని."

"నూటికో కోటికో ఒకరికి అవుతుందన్నాడు. ఆ ఒక్కరూ మనమే అవ్వాలా?"

"కాస్త మంచినీళ్ళివ్వండి."

"ఇదిగో. ఇంకా విను. మళ్ళీ మొదటికొచ్చి, ఆవిడ మాత్రలేమైనా వాడుతోందా అంటాడు. పిల్లలు పుట్టకుండా వేసుకునేవట! వాటితో కూడా రక్తం గడ్డకడుతుందట. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? పిల్లల కోసం మొక్కని దేవుడు లేడు, ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు, అవెందుకు మింగుతుందండీ అన్నాను. దెబ్బకి నోరు మూసుకున్నాడు."

"నర్సుని పిలవండి."

"నొప్పా?"

"కాదు. పిలవండి."

"ముందు సంగతి చెప్పు. మొహం అలా పాలిపోయిందేం?"

"ఈ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడం కష్టమట. డాక్టరుకి నిజం తెలియాలి."

"ఏ నిజం?"

"వాడుతున్నాను."

"ఏం వాడుతున్నావ్?"

"ఆయన అడిగినవే."

"వేళాకోళమా?"

"కాదండీ."

"ఆపరేషన్‌కి ముందు నా ఎదురుగానే అడిగాడే! లేదని తలూపావే!"

"మీ ఎదురుగా కాబట్టే ఊపాను."

"తర్వాత చెప్పొచ్చుగా? ఫోన్ లేదా నీకు?"

"చెప్తే ఆపమంటారు. ఆపితే..."

"ఆపితే ఏం? కొంప మునుగుతుందా? బిడ్డ పుడుతుంది!"

"మెల్లగా. పక్కగదిలో వింటారు."

"విననీ! లోపం నాదేమోనని పరీక్షలకి వెళ్ళానే. చేతిలో సీసా పట్టుకుని, తలొంచుకుని వరసలో నిలబడ్డానే. బయటికొచ్చాక నువ్వేమన్నావ్? బెంగపడకండి, నేనున్నానన్నావ్! నమ్మించి గొంతు కోశావు కదే!"

"కోశాను. కాదనను."

"మా అమ్మ నిన్ను గొడ్రాలందని ఆవిడతో మాటలు మానేశాను. కన్నతల్లితో!"

"తెలుసు."

"తెలిసీ చేశావా? నేనేం పాపం చేశాను నీకు? లావుగా ఉన్నప్పుడు ఒక్క మాటన్నానా? ఏదీ, గుండె మీద చెయ్యేసుకుని చెప్పు!"

"అనలేదు. ఏ పెళ్ళికెళ్ళినా నాకంటే ముందు నడిచిపోయేవారు. మీ ఆవిడేదీ అని ఎవరైనా అడిగితే, వెనకాల వస్తోందనేవారు."

"నా నడకే అంత. నేను... నేను వేగంగా నడుస్తాను."

"నేను తగ్గాక నెమ్మదించారు."

"ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుతావ్?"

"మా అక్కని చూశారుగా. పుల్లలా ఉండేది. కాన్పుతో ఒళ్ళొచ్చింది, మళ్ళీ తగ్గలేదు. నాదీ అదే ఒళ్ళు. అప్పుడు మీరు మళ్ళీ ముందు నడుస్తారు."

"పిచ్చిదానా... ఇదా? ఇందుకా?"

"నాకు ఊపిరాడట్లేదండీ."

"సిస్టర్! సిస్టర్, త్వరగా రండి! మాత్రలు వాడుతోందట, డాక్టరుగారికి చెప్పండి! వస్తున్నారు, వచ్చేస్తున్నారు. నా వంక చూడు. డాక్టరు అడుగుతాడు, ఎప్పట్నుంచి మింగుతున్నావ్?"

"ఒళ్ళు తగ్గాక, మీరు మొదటిసారి నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన రోజు నుంచి."