సారు చదవని మాట

కరీంనగర్‌లో ఒక ఇంటి ముందుగదిలో కూతురు ల్యాప్‌టాప్ మీద పని చేసుకుంటోంది. తల్లి పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

“పొద్దటి సంది ఏం చేస్తున్నవ్ బిడ్డా?”

“ఆఫీసులల్ల నెట్‌ను జల్లెడ పట్టే టూల్ తయారు చేస్తున్న అవ్వా. బయటి నుంచి వచ్చేదంత తాళమేసిన ఉత్తరం లెక్క వస్తది. మా టూల్ నడుమల నిలవడి, తాళం తీసి చదివి, చెడ్డది ఉంటే తీసేసి, మళ్ల తాళమేసి పంపుతది.”

“మా పోశెట్టి సారు లెక్కనా?”

“ఆయనెవరు?”

“మా ఊరి బడి సారు. నాకు చదువు రాకపాయె. మీ బాపు మస్కట్ నుంచి రాసిన ఉత్తరాలు గా సారే చదివి చెప్తుండె. జవాబు గూడ ఆయనే రాస్తుండె.”

“మంచోడే గద!”

“మంచోడే. నువ్వు కడుపుల ఉన్నప్పుడు ఒక ఉత్తరమొచ్చింది. మీ ఆయన మంచిగనే ఉన్నడమ్మా అని చదివిండు. మేం గూడ మంచిగున్నమని రాయించిన.”

“అండ్ల ఇంకేమన్న ఉండెనా?”

“పని కాడ పడి చెయ్యి విరిగిందట. రమ్మంటె వస్త అని రాసిండట. నేను పరేషాన్ అయితనని సారు అది చదవలే.”

“నీకెప్పుడు తెలిసింది?”

“మూడేండ్లకు మీ బాపు వచ్చినంక. ఎందుకు రమ్మనలేవని అడిగిండు.”

కూతురు టైపు చేయడం ఆపింది.

“బిడ్డా, నీ టూల్ ఏదన్న తీసేస్తె, తీసేసిన అని చూసేటోళ్లకు చెప్తదా?”

“ఇప్పటిదాక చెప్తలేదు అవ్వా. ముందుగాల గదే రాస్త.”