తదుపరి స్టేషన్ ఊపిరితిత్తులు

పంజాగుట్టలో ఒక ప్రైవేటు బడి. పై అంతస్తులో ఏడు ఎ పిల్లలకి డిజిటల్ పాఠం చెప్పి, దాన్ని ఎలాగోలా ఒడ్డున పడేసి, చెమటైనా ఆరకముందే కింద ప్రిన్సిపల్ కుసుమకుమారి గదికి వచ్చాడు సైన్సు మాస్టారు మహిపాల్. పైన ఏం జరిగిందో ఆవిడకి తెలియదన్న ధైర్యంతోనే కూర్చున్నాడు, పాపం.

"అది కాదు మహిపాల్ గారూ, క్లాసు ఎలా జరిగిందని అడుగుతున్నాను."

"మస్తు జరిగింది మేడమ్."

"మస్తు అంటే?"

"మస్తంటే, మంచిగనే. గోడకున్న కొత్త డిజిటల్ ప్యానెల్ మీద గుండె వీడియో పెట్టిన, పిల్లలు చూసిన్రు, అయిపోయింది. ఇగ పోనా? లంచ్ బెల్లు కొట్టిన్రు, నా డబ్బ సల్లారిపోతది."

"కూర్చోండి. ప్యానెల్ ఎవరు బాగా వాడితే వాళ్లకే వచ్చే ఏడు ఉద్యోగమని కరస్పాండెంట్ గారు అన్న మాట గుర్తుంది కదా?"

"గదెట్ల మర్చిపోత మేడమ్. సైన్సుకు మేం ఇద్దరం. నేనో, మధులత మేడమో. అందుకే గదా ఇంత తిప్పలు."

"తిప్పలేంటి? మస్తు జరిగిందన్నారు?"

"తిప్పలు సుత మస్తుగనే జరిగినయి."

"వీడియో మొత్తం ఆడిందా?"

"ఆడింది."

"మొత్తం?"

"మొత్తమంటే, మొదలు ఒక అడ్వర్టయిజ్‌మెంట్ వచ్చింది. మోకాళ్ల నొప్పుల నూనెది. అది మటుకు మొత్తం ఆడింది."

"గుండె?"

"గుండె జరసేపు కొట్టుకున్నది. ఇగ తర్వాత మధ్యల చక్రం తిరుగుడు షురువైంది. నెట్ లేదు. వెనక బెంచి పోరడు లేచి, సార్ గుండె ఆగిపోయింది, అన్నడు."

"మీరేమన్నారు?"

"నేనేమంట. ఉరికిపోయి రౌటర్‌ను రెండు దెబ్బలు కొట్టిన. ఆస్పత్రిల ఛాతి మీద కొడ్తరు చూడుండ్రి, గట్ల. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. వాళ్లు అది సుత పాఠమే అనుకున్నరు."

"మరి ప్లాస్టర్ గుండె తీసుకెళ్లారు కదా, ల్యాబ్ నుంచి?"

"తీస్కపోయిన. మూత తెరువంగనే ఎడమ జఠరిక ఊడి బెంచీల కిందికి దొర్లింది. దాన్ని దేవులాడెతందుకు నేను వంగిన, పిల్లలందరు వంగిన్రు. జరసేపు క్లాసుల ఎవ్వరు కనిపించలే."

"చార్టు?"

"చార్టు తలకిందులుగ తలిగేసిన. అది నేను చూసుకోలే, వాళ్లు చెప్పలే. మర్యాదస్తులు."

"మహిపాల్ గారూ..."

"మీరు వెనక బెంచిల కూసొని చూస్తనన్నరు గద. వస్తరు, వస్తరు అని తలుపు దిక్కు చూసుకుంటనే ఉన్న. మీరు రాలే. దేవుడే ఆపిండనుకున్న. గందుకే మస్తు జరిగిందని చెప్పిన. చూడనోళ్ల కాడ ఎందుకు తక్కువ చెప్పుకోవాలె అని."

"హిందీ టీచర్ రాలేదు. ఏడు బి పిల్లలు గోల చేస్తుంటే అక్కడ కూర్చోవాల్సొచ్చింది. సరే, తర్వాత?"

"తర్వాతేం లేదు మేడమ్."

"స్పీకర్?"

"అది సుత పనిచెయ్యలే. కాలర్‌కు మైకు పెట్టుకొని హలో హలో అన్న, స్పీకర్ల ఏం రాలే. పిల్లలు, సార్ మీ నోరే మంచిగ వినొస్తుంది అన్నరు. బీయెడ్‌ల కంటికి ఒక పరికరం, చెవికి ఒక పరికరం అని మస్తు రాసిన నేను. ఫస్టు క్లాసు సుత వచ్చింది. గా పరీక్షల కరెంటు, నెట్ అక్కర లేకుండె గదా."

"అప్పుడేం చేశారు?"

"ప్యానెల్ బంద్ చేసిన."

"ఆపేసి?"

"ఏం లేదు. పిచ్చి పని."

"చెప్పండి."

"మా క్లాసు పిల్లల్ల సగం మంది అమీర్‌పేట నుంచి మెట్రోల వస్తరు. గక్కడ ఎర్ర లైను ఉంటది, నీలం లైను ఉంటది. రెండు ఒక్క కప్పు కిందికే వస్తయ్, ఒకదాంట్ల ఒకటి కలవయ్. ఇగ గుండెంటే అమీర్‌పేట స్టేషనే అని చెప్పిన. ఒళ్లంతా తిరిగి అలిసిపోయిన రక్తం నీలం లైన్ల వస్తది, ఊపిరితిత్తులకు పోతది, గాడ గాలి పీల్చుకొని ఎర్ర లైన్ల వాపసొస్తది. కవాటాలంటే రైలు తలుపులు, ఒక్క దిక్కే తెరుసుకుంటయ్. కొందరిని బెంచీ కొట్టుమన్న, లబ్ డబ్ అని. ఇగ నేను..."

"మీరు?"

"వద్దు మేడమ్, మీ ముంగట నాతోని కాదు."

"'తదుపరి స్టేషన్ ఊపిరితిత్తులు. తలుపులు ఎడమ వైపు తెరుచుకుంటాయి. దిగే రక్తానికి దయచేసి దారి ఇవ్వండి.'"

"మేడమ్, గది మీకెట్ల తెలుసు?"

"రైలు కూత కూడా నోటితోనే కూశారు. బాగుంది."

"మీరు కిటికీ కాడ ఉన్నరా?"

"ఏడు బి లో ఉన్నానని చెప్పాను కదా. బ్లూటూత్ స్పీకర్లన్నీ ఒకే కంపెనీవి, ఒకే పేరు, మీ మైకు పోయి మా గది స్పీకర్‌కి తగులుకుంది. మీ మాట మీ గదిలో రాలేదు గానీ మా గదిలో గంటలా మోగింది. మొదటి హలో నుంచీ విన్నాం."

"మొదటి నుంచా?"

"'గీ ప్యానెల్ మా మేడమ్ లెక్కనే, చూసెతందుకు మంచిగుంటది, చెప్పింది వినదు' అన్నారు చూడండి, అప్పట్నుంచి."

"అయ్యో. అది... నెట్ మీద కోపంల అన్న మేడమ్."

"తప్పేం లేదు. అంతకంటే ఘోరం నేను. ఆ ప్యానెళ్లు కొనిపించిందే నేను, నాకు దాన్ని ఆన్ చేయడం రాదు. కంప్యూటర్ల కుర్రాడు తారక్ ఆన్ చేసి పక్కకి తప్పుకుంటాడు, నేను వేలు పెట్టి ఫొటో దిగుతాను. ఫేస్‌బుక్‌లో నన్ను చూసి పక్క బళ్ల వాళ్లు సలహాలడుగుతారు."

"అయితె కోపం లేదంటరు."

"మీ మీద లేదు. అసలు సంగతి వేరే ఉంది. ఎలా చెప్పాలో తెలీక ఇందాకట్నుంచీ చార్టు, గుండె అంటున్నాను."

"ఏంది మేడమ్?"

"మీ స్టేషన్ మొదలయ్యే వేళకి రామ్మోహనరావు గారు వచ్చారు. కరస్పాండెంట్ గారే. బంజారా హిల్స్ నుంచి చెప్పకుండా దిగారు. నన్ను వెతుక్కుంటూ తిన్నగా ఏడు బి లోకే వచ్చి కూర్చున్నారు."

"పెద్దసారు విన్నరా?"

"చివరిదాకా విన్నారు. 'ఈ వీడియో అద్భుతంగా ఉందమ్మా, ఎక్కడ దొరికింది? గొంతు బాగుంది, మ్యూజిక్ బాగుంది' అన్నారు."

"మ్యూజిక్కా?"

"మీ పిల్లలు బెంచీలు బాదారు చూడండి, అది."

"మీరేమన్నరు?"

"ఆ ప్యానెళ్లు వచ్చాక ఆయన నవ్వడం ఇవాళే చూశాను. అవునండీ, మంచి వీడియో అనేశాను."

"గంతేనా. పోనీయుండ్రి మేడమ్, అనుకోనీ."

"అంతే అయితే నేను మిమ్మల్ని పిలవను. 'ఇంత బాగా చెప్పే వీడియో ఉండగా సైన్సుకి ఇద్దరెందుకమ్మా, సనత్‌నగర్ బ్రాంచికి కూడా ఇదే వేయించండి, మధులత ఒక్కర్తీ చాలు' అన్నారు."

"అంటే మేడమ్, నా పాఠం నచ్చి నన్ను తీసేస్తున్నరు."

"అలా అనకండి."

"ఇంకెట్ల అనాలె. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల సుత గిదే అయ్యింది. నా క్లాసులన్ని కెమెరాల పట్టుకున్నరు, ఇగ నువ్వెందుకు అన్నరు. ఇప్పటికి సుత గా వీడియోల నేను నవ్వుకుంట చెప్తనే ఉంట. గాడ నన్ను గెలిచింది నేనే, ఈడ సుత నేనే. నాకు పోటీ ఇంకెవ్వడు లేడు. గాడ కనీసం నిజం వీడియో ఉండె. ఈడ అది సుత లేదు. లేని వీడియోకు నా నౌకరి పోయింది. ఇంటికి పోయి మా ఆమె వనితకు ఏం చెప్పాలె? ఈసారి పక్కా అని పొద్దుగాలనే చెప్పొచ్చిన. నవ్వుతున్న గని, నాకు భయమైతుంది మేడమ్."

"తప్పు నాది. అది వీడియో కాదండీ, పక్క గదిలో మా మాస్టారు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు రాలేదు."

"ఇప్పుడు చెప్పుండ్రి మరి."

"ఎలా చెప్తాను? అబద్ధమాడానని ఒప్పుకోవాలి, ప్యానెళ్లు నా గొప్ప కోసం కొనిపించానని ఒప్పుకోవాలి. ఆయన ఎదురుగా నిలబడితే నాకు గుటకలు తప్ప మాటలు రావు."

"పెద్దసారుకు సుత మనిషి గొంతేదో, మిషన్ గొంతేదో తెల్వదా మేడమ్?"

"ఆయనకి రిబ్బన్ కత్తిరించడం తప్ప ఏం తెలుసండీ. చెప్పే ధైర్యమే ఉంటే ఏమనేదాన్నో తెలుసా? అయ్యా, మీరు కొన్న పెట్టెల్లో మీకు నచ్చిందేదీ లేదు. మీకు నచ్చింది ఈ మనిషి. పిల్లల వంక చూసి, వాళ్లు ఏ రైలెక్కి వస్తారో తెలుసుకుని పాఠం చెప్పేది ఈయన. ఈయన్ని పంపిస్తే రేపట్నుంచి నేనూ రాను. అనేదాన్ని. చూశారా, మీ ముందు ఎంత చక్కగా వస్తోందో. ఏం లాభం."

"గంత మాట మీరన్నరు, చాలు మేడమ్. సారు పోయిన్రా మరి?"

"ఎక్కడికి పోతారు, ఏడు బి లోనే ఉన్నారు. పిల్లలు తిండికి పోయినా ఆయన కదల్లేదు. రెండో భాగం వస్తుందేమోనని స్పీకర్ పక్కకి కుర్చీ వేయించుకున్నారు."

"మేడమ్."

"ఏంటి?"

"కాలర్ మైకు నేనింకా తియ్యలే."